పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ: చందాదారుల క్రీడలో యోధవర్గములు

నాటకమున పాత్ర యనగా స్వభావము. భరతుని మొదలుకొని ధనంజయుని వరకు గల లాక్షణికులు నాయకుని ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు అని నాలుగు విధములుగా విభజించినప్పుడు వారి దృష్టి అతని చిత్తవృత్తిమీదనే నిలిచినది. అతడు ఏ ఆయుధము పట్టునో, సేనలో ఏ తావున నిలుచునో వారికి ముఖ్యము కాలేదు. చదరంగమున దీనికి సరిగా విపర్యయము. అచట ఏనుగుకు గాని గుఱ్ఱమునకు గాని స్వభావ మనునది లేదు. నడకయే దాని సర్వస్వము. గుఱ్ఱపు బొమ్మ విరిగిపోయి దాని స్థానమున ఒక చింతగింజ నుంచినను, ఆ నడక నడచినంత కాలము అది గుఱ్ఱమే.

పాశ్చాత్యదేశములలో గత ఏబది సంవత్సరములుగా పెరిగిన పాత్రధారణ క్రీడ, అనగా వారు రోల్ ప్లేయింగ్ గేమ్ అని వ్యవహరించునది, ఈ రెండింటికిని నడుమ పుట్టినది. ఆడువాడు ప్రారంభమునందే తన పాత్రకు ఒక క్లాసును, అనగా ఒక వర్గమును, ఎన్నుకొనును. ఆ యెన్నిక పాత్రకు కథలో ఒక పూర్వవృత్తమును, యుద్ధమున ఒక పనిని ఏకకాలమున కట్టబెట్టును. స్వభావమును నడకయు ఒకదానికొకటి పొసగినప్పుడు ఆ క్రీడకు కావ్యస్పర్శ కలుగును. పొసగనప్పుడు ఒకవైపు చదరంగము, ఇంకొకవైపు సంభాషణలు, నడుమ గోడ. ఈ వ్యాసమున పరిశీలింపబడునది ఆ పొత్తే. దానికి లక్ష్యముగా గ్రహింపబడినది అమెరికాలోని అబ్సిడియన్ ఎంటర్‌టైన్‌మెంట్ సంస్థవారు నిర్మింపగా 2015 మార్చి 26న వెలువడిన పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ అను కంప్యూటరు క్రీడ. ఇది చందాలతో నిర్మితమైనది. చందా యిచ్చినవారి జ్ఞాపకమునకును, నిర్మాతల ఆలోచనకును జరిగిన పెనుగులాట దీని యోధవర్గములలో కనబడినంత స్పష్టముగా మఱియొకచోట కనబడదు.

పరిభాషను గూర్చి ఒక మాట. ఈ క్రీడకు తెలుగు పాఠము లేదు. పాలడిన్, సైఫర్, చాంటర్ మున్నగు పేళ్ళను ఈ వ్యాసమున యథాతథముగా ఉంచుటయే మేలని తోచినది. పాలడిన్ అనుదానిని ధర్మయోధుడని తెలిగించిన యెడల చదువరి మోసపోవును. ఈ క్రీడలోని పాలడిన్‌లలో కౌర్యమునే వ్రతముగా బూనిన ఒక సంఘము కలదు. దాని ప్రసంగము ముందు రానున్నది.

ఈ వర్గములకు మూలము 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు ప్రకటించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను బల్లయాట. సైనికుల బొమ్మలతో ఆడు యుద్ధక్రీడలనుండి అది పుట్టినది. తొలి ప్రతిలో వర్గములు మూడే: ఆయుధముతో పోరువాడు, మంత్రము ప్రయోగించువాడు, దైవబలముతో రక్షించువాడు. మరుసటి యేట దొంగ చేరినాడు. పుట్టుకయే యుద్ధక్రీడనుండి కావుటచేత వర్గ మనగా యుద్ధమున చేయవలసిన పని అను అర్థము దానిని ఎన్నడును వీడలేదు. 2008లో వెలువడిన నాలుగవ కూర్పు ఆ సంగతిని దాచక, ప్రతి వర్గమును నాలుగు పనులలో ఒకదానిక్రింద చేర్చినది: అడ్డు నిలుచుట, గట్టిదెబ్బ కొట్టుట, తోడివారికి బలమిచ్చుట, శత్రుసమూహమును అదుపుచేయుట. పాతకాపులలో పలువురికి ఈ ముక్కుసూటితనము రుచింపలేదు. లోపల ఉన్నదే బయట చెప్పినందుకు కోపగించుకొనుట లోకమున క్రొత్త కాదు.

ఆ బల్లయాట నియమములను కంప్యూటరు తెరమీదికి దింపినవానిలో 1998లో వచ్చిన బాల్డర్స్ గేట్ ప్రసిద్ధము. ఆఱుగురు సహచరులు, పై నుండి ఏటవాలుగా చూచు చిత్రము, నడుచుచున్న కాలమును ఆడువాడు కోరినపుడు నిలిపి ఒక్కొక్కరికి ఆజ్ఞ నిచ్చు పద్ధతి దాని లక్షణములు. 1999లో ప్లేన్‌స్కేప్ టార్మెంట్, 2000లో ఐస్‌విండ్ డేల్ ఆ త్రోవనే నడచినవి. పిమ్మట ప్రకాశకులు ఈ పద్ధతికి గిరాకి లేదని చేయి విడిచిరి. పదేండ్లకు పైగా అభిమానులు పాత ఆటలనే మరల మరల ఆడుకొనుచుండిరి.

2012లో కిక్‌స్టార్టర్ అను వేదికద్వారా ప్రజలవద్దనే ముందుగా సొమ్ము తీసికొను మార్గము తెఱచుకొనగా, వేస్ట్‌లాండ్ 2, షాడోరన్ రిటర్న్స్ ఒకదాని వెంట ఒకటి ఆ త్రోవ పట్టినవి. అబ్సిడియన్‌వారు ఆ సెప్టెంబరులో ప్రాజెక్ట్ ఎటర్నిటీ అను పేర 11 లక్షల డాలర్లు కోరిరి. అక్టోబరు నెల నడుమకు 73,986 మంది కలిసి 39 లక్షల 86 వేల డాలర్లు సమకూర్చిరి. మొత్తము పెరిగినకొలది క్రొత్త వర్గములను, క్రొత్త సహచరులను చేర్చెదమని నిర్మాతలు మాట యిచ్చుచు వచ్చిరి. కడకు వర్గములు పదునొకండయ్యెను. అనగా ఇందలి యోధుల సంఖ్యయే కొంతవరకు కవి యిచ్ఛవలన గాక చందాపుస్తకమువలన నిర్ణయమైనది.

చందాలతో గ్రంథము నచ్చువేయుట తెలుగువారికి వింత గాదు. ఇట్టి సంచికలు పుట్టుటయే చందాలవలన. అంతకు పూర్వము కృతిపతి యుండెను. ఆ సంప్రదాయములో ఒక మర్యాద కలదు. కృతిపతికి అవతారికలో వంశవర్ణనము, ఆశ్వాసముల మొదటను తుదను సంబోధనము దక్కును. కథలోపలికి మాత్రము అతడు రాడు. నలుని సభలో గాని, హస్తినాపుర వీధులలో గాని గ్రంథమునకు సొమ్మిచ్చిన కృతిపతి కనబడడు. పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీలో ఈ మర్యాద తప్పినది. పెద్దమొత్తము లిచ్చిన చందాదారులు తాము కల్పించిన వ్యక్తులను పట్టణవీధులలో నిలుపు హక్కు పొందిరి. బంగారురంగు పేరుపలకలతో నిలుచు ఆ వ్యక్తుల ఆత్మలను తాకి చూచినచో ఒక్కొక్క చిన్నకథ వినబడును. ఆ కథలలో కొన్ని చక్కనివే. కాని ముఖ్యకథతో వానికి సంబంధము లేదు. శ్మశానములలోని స్మారకశిలలమీదను చందాదారుల వ్రాతలే. ఋణము తీర్చుకొనుట న్యాయమే గాని, దానిని కథాశరీరము మీదనే చెక్కుట కావ్యధర్మము కాదు. యోధవర్గముల విషయమున ఈ ఋణము మఱింత సూక్ష్మముగా, మఱింత లోతుగా పనిచేసినది.

ఈ క్రీడకు దర్శకుడు జాష్ సాయర్. ఎంచుకొనిన వర్గము గాని, పంచుకొనిన గుణములు గాని ఆడువానికి ఉచ్చు కాగూడదనునది ఆయన పట్టుదల. పాత క్రీడలలో మాంత్రికుడు కవచము తొడుగరాదు. తెలియక తెలివి తక్కువ గల మాంత్రికుని కల్పించుకొనినవాడు ఇరువది గంటలు ఆడిన పిదప గాని తన తప్పు తెలిసికొనజాలడు. ఇందు ఎవరైనను ఏ కవచమునైన తొడుగవచ్చును. బరువైన కవచము తొడిగినవాడు ఒక పని ముగించి మఱియొక పని ప్రారంభించుటకు ఎక్కువ కాలము పట్టును, అంతే. నిషేధమునకు బదులు వెల. ఈ యొక్క మార్పులోనే క్రీడ యొక్క తత్త్వ మంతయు ఇమిడియున్నది. వర్గమును నిర్వచించునది ఇక ‘చేయరాదు’ అనునది కాదు. ‘దీనిని ఏమి చెల్లించి కొనుచున్నాడు’ అనునది.

ఈ దృష్టితో చూచినపుడు అడ్డు నిలుచు యోధుని పనికూడ క్రొత్త వెలుగు పొందును. ఇందు ఎంగేజ్‌మెంట్ అను నియమమొకటి కలదు. దగ్గరనుండి పోరు యోధుడు తన యెదుటివానిని పట్టి నిలుపును. ఆ పట్టు విడిపించుకొని ముందుకు పోజూచినవానికి వెంటనే అదనపు దెబ్బ తగులును. ఫైటర్ అను వర్గమువాడు తక్కినవారికంటె ఎక్కువమందిని ఇట్లు పట్టి నిలుపగలడు. భారతము విన్నవారికి దీనిని వేఱుగ వివరింపనక్కఱలేదు. అభిమన్యుడు పద్మవ్యూహమును చొచ్చినపుడు వెనువెంట రావలసిన పాండవులను వ్యూహముఖమున నిలువరించినవాడు సైంధవుడు. ఆనాటి రణమున అభిమన్యుని చంపినవారు వేఱు. కాని అర్జునుడు ప్రతిజ్ఞ చేసినది సైంధవుని మీద. దెబ్బ కొట్టినవానికంటె దారి అడ్డగించినవాడే ఫలమును నిర్ణయించునని వ్యాసుడెఱిగినంత బాగుగ చాలకాలము క్రీడానిర్మాత లెఱుగలేదు. పిల్లర్స్‌లో ఫైటర్ నిలిచిన ద్వారము నిజముగా ద్వారమగుచున్నది. అతడు పడినచో వెనుకనున్న మాంత్రికుని బ్రదుకు నిమిషముల మీదికి వచ్చును.

బార్బేరియన్ కొట్టిన దెబ్బ ప్రక్కవారికిని తగులును. రోగ్ అను దొంగ, ముందే కుంటుపడిన వానిని గాని, గ్రుడ్డివాడైనవానిని గాని కొట్టినపుడు అతని దెబ్బ హెచ్చును. కాబట్టి అతడు తోడివాని పనిమీద ఆధారపడినవాడు. రేంజర్‌కు తోడుగా ఒక జంతువుండును. అది కూలినపుడు దుఃఖమువలన అతని గుఱి చెడును. ఇవన్నియు చక్కని కల్పనలే యైనను మూడు వర్గముల విషయమున నిర్మాతల ప్రతిభ ప్రత్యేకముగా ప్రకాశించినది. అవి మాంక్, సైఫర్, చాంటర్.

మాంక్ తపస్వి. అతని శక్తికి ఇంధనము అతడు పొందిన గాయములే. దెబ్బ తినినకొలది గాయములు లెక్కకు చేరును. వానిని వ్యయము చేసియే అతడు తన గొప్ప ప్రయోగములను చేయగలడు. దెబ్బ తగులని మాంక్ సామాన్యుడు. ఎక్కువ తినినచో చచ్చును. తక్కువ తినినచో నిరుపయోగి. ఈ రెంటి నడుమ సన్నని గట్టుమీద నడుచుట ఆడువాని పని. బాధనుండి జ్ఞానము కలుగునని ఆ సంఘమువారి సిద్ధాంతము. ఆ సిద్ధాంతమును క్రీడ ఉపన్యాసముగా చెప్పక, గణితముగా చేసి చూపుచున్నది. ఇచట నడకయే స్వభావము.

సైఫర్ ఇతరుల మనస్సులో చొరబడువాడు. అతనికి తన సొంత నిధి అల్పము. శత్రువును ఆయుధముతో కొట్టినపుడు గలుగు ఏకాగ్రతను కూడబెట్టి, దానితో ఆ శత్రువు మనస్సునే కలచివేయును. తీసికొనినది వారివద్ద, ప్రయోగించునది వారిమీద. డిర్‌వుడ్ దేశపు ప్రజలు సైఫర్‌లను అనుమానముతో చూతురని కథ చెప్పును. వాని యుద్ధపద్ధతి చూచినవాడు ఆ యనుమానము అకారణము కాదని తానే గ్రహించును, ఒకరు చెప్పనక్కఱలేదు.

చాంటర్ గూర్చి విస్తరించి చెప్పవలసియున్నది. ఈ పదునొకండింటిలో అపూర్వమైన సృష్టి అదియే. పాత క్రీడలలోని గాయకుడు యుద్ధము నడుచునపుడు ఒక పాట ఎత్తుకొని మూల నిలుచువాడు, హాస్యమునకు పాత్ర. చాంటర్ అట్టివాడు కాడు. ఎయోరా అను ఆ లోకమున ఆత్మలు జన్మజన్మలకు తిరుగును. విడివడిన ఆత్మశకలములు గాలిలో తారాడుచుండును. పురాతన గాథల పంక్తులు పాడినపుడు, ఆ గాథలు ఎఱిగిన శకలములు మేలుకొని స్పందించును. చాంటర్ బలము తనది కాదు, జాతి జ్ఞాపకముది. ఆడువాడు యుద్ధమునకు ముందే ఏ పంక్తి తరువాత ఏ పంక్తి రావలెనో తానే కూర్చుకొనవలెను. ప్రతి పంక్తికి పాడుటకు కొంత కాలము, పాడిన పిదప నిలిచియుండు ప్రభావమునకు కొంత కాలము ఉండును. ఒక పంక్తి ప్రభావము ఆఱిపోకముందే తరువాతి పంక్తి అందుకొనినచో రెండు ప్రభావములు కలిసి పనిచేయును. చిన్న పంక్తులతో కూర్చినచో పాట వేగముగా సాగును. పెద్దవానితో కూర్చినచో ఒక్కొక్క దాని బలము హెచ్చు. కొన్ని పంక్తులు పూర్తియైన పిదపనే అతడు ఆవాహనము చేసి మృతయోధులను గాని, భూతములను గాని రప్పింపగలడు.

ఇందు గమనింపదగినది కాలము. తక్కినవారు గాయమునో, ఏకాగ్రతనో, మంత్రమునో ఖర్చు పెట్టుచుండగా చాంటర్ చెల్లించు నాణెము కాలమే. అతడు పాడుచునే ఖడ్గము త్రిప్పవచ్చును, డాలు పట్టవచ్చును; కాని పాటను తొందరపెట్టజాలడు. ఈ కల్పనలో ఒక లోపమును చెప్పకతప్పదు. చిన్న యుద్ధములు పాట పల్లవి దాటకముందే ముగియును. ఆవాహనమునకు వలసిన పంక్తులు పూర్తియగుసరికి ఆవాహనము చేయవలసిన అవసరమే తీఱిపోవును. ఈ క్రీడలో చిన్న యుద్ధములు మిక్కిలి ఎక్కువ. ఇంతటి అపూర్వమైన వర్గమునకు తగిన రంగస్థలము దానికి అరుదుగా గాని దొరకలేదు.

మాటవలన బలము హెచ్చుటయు తగ్గుటయు కావ్యములకు క్రొత్త గాదు. కర్ణునకు సారథియై శల్యుడు చేసిన పని అదియే, విపరీతదిశలో; రథము నడుపుచునే పలుకులతో అతని తేజమును హరించినాడు. పిల్లర్స్‌లో ప్రీస్ట్, పాలడిన్, చాంటర్ ముగ్గురును శల్యునకు ఎదురుపని చేయువారు. కాని ప్రీస్ట్ విషయమునకు వచ్చుసరికి నిర్మాతల కల్పన చల్లబడినది. ప్రీస్ట్, విజార్డ్, డ్రూయిడ్ ఈ మువ్వురికిని మంత్రముల మూట ఒకటి కట్టి యిచ్చిరి. ఒక విశ్రాంతికిని మఱియొక విశ్రాంతికిని నడుమ ఇన్ని ప్రయోగములని లెక్క. జాక్ వాన్స్ అను రచయిత కథలనుండి డంజన్స్ అండ్ డ్రాగన్స్ గ్రహించిన పద్ధతి ఇది. మూట అయిపోయినచో విడిది చేసి నిద్రింపవలెను. విడిదికి సామగ్రి కావలెను. ఆ సామగ్రి కఠినస్థాయిలో రెండింటికి మించి మోసుకొనిపోరాదు. ఫలితమేమనగా ఆడువాడు లోభి యగును. పెద్ద యుద్ధము వచ్చునేమో యని మంచి మంత్రమును దాచుకొని, చిన్న యుద్ధములన్నిటను మాంత్రికునిచేత వట్టి కఱ్ఱతో కొట్టించును. లోకమును గజగజలాడించు మహామాంత్రికుడు ఆటలో సగము కాలము చేతులు ముడుచుకొని నిలుచుట ఔచిత్యభంగము.

సాయర్‌వంటి దర్శకుడు ఈ లోపము నెఱుగడనుకొనుట పొరపాటు. పై మూడు వర్గములను కల్పించిన చేయియే దీనిని కూడ దిద్దగలిగియుండెడిది. అయినను చందాదారులకు చేసిన వాగ్దానము బాల్డర్స్ గేట్ మరల తెచ్చి యిత్తుమని. మూట కట్టుకొను మాంత్రికుడు ఆ జ్ఞాపకమున గర్భగృహమూర్తి. అతనిని కదలించిన యెడల గుడియే మాఱినదని గోల పుట్టియుండును. అందుచే చందాదారులకు పూర్వపరిచయము లేని సైఫర్, చాంటర్ వర్గములలో నిర్మాత స్వేచ్ఛగా విహరించినాడు. పాతవారి యెడల చేతులు కట్టుకొని నిలిచినాడు. ఈ క్రీడలోని వర్గములను వరుసగా పరికించినచో ఎచట క్రొత్తదనము కలదో అచట జ్ఞాపకము తక్కువ. ఎచట జ్ఞాపకము బలీయమో అచట కల్పన కుంటినది. రేవులో స్నానము చేసినవాడు ఆ రేవునే వర్ణింపగోరును గాని, క్రొత్త నదిని త్రవ్వుమని ఎన్నడు సొమ్మిచ్చును?

గుణముల విషయమున నిర్మాతల ధైర్యము వేఱొక చిక్కు తెచ్చినది. ప్రతి పాత్రకు మైట్, అనగా బలము, మొదలగు ఆఱు గుణములు కలవు. సాయర్ ఏర్పాటులో మైట్ హెచ్చినచో కత్తిదెబ్బయు, మంత్రపు మంటయు, ప్రీస్ట్ చేయు చికిత్సయు, అన్నియు హెచ్చును. ఏ గుణమును ఏ వర్గమునకును వ్యర్థము కాగూడదనునది ఉద్దేశము. 2016లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్సులో ఆయన ఈ గుణముల సర్దుబాటును గూర్చియే ప్రసంగించెను. యుద్ధమున ఇది నిర్దుష్టము, ఆత్మబలమని సమర్థింపవచ్చును. సంభాషణలో మాత్రము అదే మైట్ కండబలముగా మాఱును. ఎదుటివానిని గొంతు పట్టుకొని లేపుటకు, బండను త్రోయుటకు అదియే ప్రమాణము. సన్నని మాంత్రికుడు తన మంటల వేడిమి పెంచుకొనదలచి మైట్ పెంచుకొనినపుడు తానెఱుగకయే మల్లుడగుచున్నాడు. ఆత్మ యని ఒకచోట, కండ యని మఱియొకచోట! రెండవ భాగము తయారగుచుండగా ఈ గుణమును విడదీయజూచి, ముందస్తుగా ఆడి చూచిన చందాదారుల స్పందన పిమ్మట మరల పాతదారికే వచ్చిరి.

ఇంతవరకు చెప్పినది నడకను గూర్చి. స్వభావమును గూర్చి చూతము. మూలకథ ఆత్మలేని శిశువుల కథ. డిర్‌వుడ్‌లో పుట్టుచున్న బిడ్డలు ప్రాణముండియు ఆత్మ లేనివారు; తల్లులు వెఱ్ఱివారగుచున్నారు; కారణ మెవ్వరికిని తెలియదు. ప్రతి వర్గపు శక్తియు ఆత్మనుండియే పుట్టునని చెప్పు లోకమున ఇట్టి కథ నెన్నుకొనుట నిర్మాతల గంభీరభావమునకు నిదర్శనము. మొదటి క్రీడలో సహచరులు ఎనమండుగురు. ఎనిమిది వర్గములకు ఒక్కొక్కరు. బార్బేరియన్, మాంక్, రోగ్ వర్గములకు సహచరులు 2015, 2016 సంవత్సరములలో వచ్చిన వైట్ మార్చ్ అను అనుబంధముల వరకు రాలేదు. అంతవరకు ఆ మూడు వర్గములు నడకయే గాని ముఖము లేనివి.

ముఖమున్నవారిలో ఎడేర్ సర్వోత్తముడు. అతడు ఫైటర్, రైతు, మాజీసైనికుడు. సెయింట్స్ వార్ అను యుద్ధమున అతని యన్న శత్రుపక్షమున చేరి చనిపోయినాడు; ఎందుకు చేరెనో ఎడేర్‌కు తెలియదు. అతడు తన దేశము పక్షమున నిలిచియే ఆ శత్రుపక్షపు దైవమును కొలుచువాడు. నిలిచిన తావు వదలకుండుట అతని యుద్ధధర్మము, నిలిచిన తావు సరియైనదా యని తలపోయుట అతని జీవితము. వర్గము మనిషికి ఇంతగా అతికిన ఉదాహరణము ఈ క్రీడలో రెండవది గ్రీవింగ్ మదర్. ఆమె సైఫర్, మంత్రసాని. తల్లుల మనస్సులలో తన శక్తితో జోక్యము కల్పించుకొనిన గతము గలది. చూచినవారి చూపు తనమీద నిలువకుండ చేసికొని తిరుగుచుండును. సైఫర్ శక్తి పరుల మనస్సులో దొంగతనమా, దయా అను ప్రశ్నకు ఆమెయే స్వరూపము. చాంటర్ కానా రువా పురాతనమైన యొక శాసనమును వెదకుచు వచ్చిన పండితుడు, అతనికి పాతమాటయే ప్రాణము.

ఇందుకు విరుద్ధముగా డ్యూరెన్స్ కలడు. మాగ్రన్ అను అగ్నిదేవతకు ప్రీస్ట్. దేవుడావహించినవానిని కూల్చిన మహాస్ఫోటకమును నిర్మించినవారిలో అతడొకడు. తన దేవతమీదనే అతనికి కోపము, అనుమానము, ఏహ్యభావము. క్రీడలోని సంభాషణలలో ఇంత తీవ్రమైనవి మఱి లేవనవచ్చును. యుద్ధము మొదలుకాగానే ఈ మనుష్యుడు ఏ సందేహమును లేని పురోహితునివలె అందఱిని సమానముగా దీవించును, గాయములు మాన్పును. అతని విశ్వాసము కూలినను మూటలోని మంత్రము ఒక్కటియైన తగ్గదు. స్వభావమునకును నడకకును నడుమ గోడ ఇచట కంటికి కనబడును. పాత మూటను విడువలేకపోవుటవలన కలిగిన నష్టము ఆటయొక్క నేర్పునకు మాత్రమే కాదు, కథకును కలిగినదని డ్యూరెన్స్ సాక్ష్యము.

నిర్మాతలకు మార్గము తెలియకకాదు. ఆడువాడు తానే పాలడిన్‌గా గాని ప్రీస్ట్‌గా గాని ఉన్నపుడు ఆ మార్గమును తెఱచియే యుంచిరి. పాలడిన్ ఒక సంఘమున చేరవలెను. కైండ్ వేఫేరర్స్ సంఘమువారు బాటసారులకు తోడుపడువారు, దయయు ఆవేశమును వారి గుణములు. బ్లీక్ వాకర్స్ సంఘమువారు కనికరమెఱుగనివారు. క్రౌర్యమే వారి నియమము. సంభాషణలలో ఆడువాడు పలికిన పలుకులు లెక్కకు వచ్చును. తన సంఘధర్మమునకు తగినట్లు పలికినవాని రక్షణబలము పెరుగును, తప్పినవానిది తరుగును. వేఫేరర్ ఒక బిచ్చగానిని కసరినచో మరునాటి యుద్ధమున డాలు పలుచనగును. బ్లీక్ వాకర్ జాలిపడినచో అతనికిని అంతే! ఇచట గోడ కూలినది. లాక్షణికుల చిత్తవృత్తియు చదరంగపు నడకయు ఒకే త్రాటికి కట్టబడినవి. ఇంతటి సూత్రమును రెండు వర్గములకే పరిమితము చేయుట విచారకరము.

ఈ సందర్భమున తక్కిన చందాక్రీడలను కొంచెము పోల్చి చూచుట చాలును. లారియన్ సంస్థవారి డివినిటీ: ఒరిజినల్ సిన్ 2014లో వెలువడినది. అందు వర్గ మనునది ప్రారంభమునకు పనికివచ్చు నమూనా మాత్రమే. పిదప ఎవరైనను ఏ విద్యనైన నేర్వవచ్చును. అచట వర్గముల సమస్య పరిష్కృతము కాలేదు, రద్దు చేయబడినది. 2017లో వచ్చిన టార్మెంట్: టైడ్స్ ఆఫ్ న్యూమెనెరా మూడే వర్గములతో సరిపెట్టుకొని, బరువంతయు మాటలమీద పెట్టినది. రెండును చక్కని క్రీడలే. కాని మన ప్రశ్నకు వానియందు సమాధానము లేదు.

పిల్లర్స్ రెండవ భాగము డెడ్‌ఫైర్. దీనికి 2017లో ఫిగ్ అను వేరొక వేదికద్వారా 44 లక్షల డాలర్లకు పైగా చందా వచ్చినది. 2018 మే 8న వెలువడినది. ఇందు నిర్మాతలు ఎట్టకేలకు మాంత్రికుని మూట విప్పిరి. మంత్రములు ప్రతి యుద్ధమునకును క్రొత్తగా లభించును, లోభము తగ్గినది. జట్టు ఐదుగురికి తగ్గినది. అన్నిటికంటె పెద్దమార్పు, రెండు వర్గములను కలిపి ఒకే పాత్రకు కట్టబెట్టు వీలు. పదునొకండు వర్గములను రెండేసి కలుపగా ఏబదియైదు జంటలు. ప్రతి జంటకు ఒక బిరుదు. జంటవర్గమువానికి రెండింటి తుదిమెట్లును అందవు. పైమెట్లు ఏకవర్గమువారి సొత్తు. లెక్కలయందు ఆసక్తి గలవారికి ఇది అక్షయపాత్ర. మాంక్ గాయములను చాంటర్ పాటతో, సైఫర్ ఏకాగ్రతను రోగ్ దెబ్బతో జతపఱచి చూచుటలో గల ఆనందము సామాన్యము కాదు. కాని నాణెములు కలిసిపోయినవి. గాయమునకు గాయము, కాలమునకు కాలము అను నియమమువలన మొదటి క్రీడలో ఒక్కొక్క వర్గమునకు కలిగిన ముఖము ఇందు చెరిగినది. ఎవడు దేనికై ఏమి చెల్లించుచున్నాడో గుర్తుపట్టుట కష్టమైనది.

దాని ఫలమును ఎడేర్‌యందే చూడవచ్చును. డెడ్‌ఫైర్‌లో అతడు మరల తోడు వచ్చును. చేరిన క్షణమున క్రీడ ఆడువాని నడుగును: ఇతడు ఫైటర్‌గా ఉండవలెనా, రోగ్‌గా ఉండవలెనా, రెండు కలిసిన స్వాష్‌బక్లర్‌గా ఉండవలెనా? అన్నను పోగొట్టుకొని, దేవుని పోగొట్టుకొని, నిలిచిన తావు వదలని ఆ సైనికుడు మౌనముగా నిలుచుండగా ఆడువాడు పట్టికలోని మూడింటిలో ఒకదానిని నొక్కును. ఏది నొక్కినను ఎడేర్ అవే మాటలు పలుకును, కుక్క కనబడినచో అట్లే ముచ్చటపడును.